ముసుగు కింద బండి

వాడకుండా దాచిన వస్తువు దాచినట్టే ఉండిపోతుందని మనకొక నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం మాత్రం ఎక్కడా కనిపించదు. పెట్టె అడుగున కలరా ఉండలు వేసి భద్రపరచిన పట్టుచీర ఎవరూ కట్టకుండానే మడతల వెంబడి చిట్లిపోతుంది. అటకెక్కించిన పుస్తకాన్ని మనం చదవకపోయినా పురుగు చదువుతుంది. తాళం పెట్టిన ఇల్లు, కాపురం ఉన్న ఇంటికంటే ముందు కూలుతుంది. ఇవన్నీ తెలిసి కూడా, "ముప్ఫై ఏళ్ళుగా షెడ్డులో భద్రంగా ఉంది" అన్న ఒక్క వాక్యాన్ని ఒక అమ్మకపు ప్రకటనలో చదివి నేను రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు. ఆ ప్రకటన ఒక పాత కారును గురించినది. కొనడమా, మానడమా అన్న మీమాంస నన్ను మూడు వారాలు పట్టి పీడించింది. ఆ మూడు వారాల ఆలోచననే ఇక్కడ రాసుకుంటున్నాను. కార్లంటే ఆసక్తి లేనివారు కొంచెం ఓపిక పట్టవలసి ఉంటుంది.

ఆ కారు పేరు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. 1973 నాటిది. రెండే సీట్లు, మడిచిపెట్టగల గుడ్డ టాపు, ముదురు నీలం రంగు, 1296 సి.సి. ఇంజను. ఉద్యోగరీత్యా నేను చాలా ఏళ్ళుగా ఇంగ్లండులోని కొవెంట్రీ నగరంలో ఉంటున్నాను. అక్కడికి ఇరవై మైళ్ళ దూరంలో ఒక పల్లెలో ఉందా బండి. 1993 తర్వాత రోడ్డెక్కలేదు. యజమాని కాలం చేసి ఏడాది దాటింది. ఆయన భార్య దాన్ని అమ్మదలచుకున్నారు. అడిగిన ధర 2,500 పౌన్లు.

స్పిట్‌ఫైర్ అన్నది రెండవ ప్రపంచ యుద్ధంలో పేరు మోసిన బ్రిటిష్ యుద్ధవిమానం పేరు. ఆ పేరు పెట్టుకున్న ఈ కారు 1962లో విడుదలై 1980 దాకా కొవెంట్రీ శివారు కాన్లీలో ఉన్న కర్మాగారంలో తయారైంది. మూడు లక్షలకు పైగా బండ్లు అమ్ముడుపోయాయి. ఇది జమీందార్ల కారు కాదు. చిన్న ఉద్యోగం చేసుకునే కుర్రవాడు కూడా ఆశపడదగిన స్పోర్ట్స్ కారు. దీని పుట్టుకకు ఒక కథ ఉంది. దీని రూపశిల్పి జొవానీ మికెలొట్టి అనే ఇటలీ దేశస్థుడు. 1960లో ఆయన తొలి నమూనా బండిని తయారుచేసి ఇచ్చాడు కానీ, స్టాండర్డ్ ట్రయంఫ్ సంస్థ అప్పటికే అప్పుల్లో కూరుకుపోయింది. నమూనా మీద ముసుగు కప్పి ఒక మూలకు నెట్టేశారు. 1961లో ఆ సంస్థను లేలాండ్ కొనుక్కుంది. మనకు లారీల పేరుగా పరిచయమైన లేలాండే. కొత్త యజమానులు తమ చేతికి ఏమేం వచ్చాయో చూసుకుంటూ తిరుగుతుండగా ఆ ముసుగు కంటబడింది. తీశారు, చూశారు, నచ్చింది, తయారు చేయమన్నారు. ముసుగు తీస్తే నిధి బయటపడుతుందన్న ఆశ ఈ బండి జాతకంలోనే రాసి ఉందన్నమాట. పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు ఈ కథను ఒకరికొకరు ఎందుకంత ఇష్టంగా చెప్పుకుంటారో ఊహించడం కష్టం కాదు.

నా బలహీనతకు మాత్రం వేరే కారణం ఉంది. స్పిట్‌ఫైర్‌ను నిలబెట్టిన ఛాసిస్ కొత్తగా తయారుచేసింది కాదు. అదే సంస్థ అంతకుముందు తయారుచేసిన హెరాల్డ్ కారు ఛాసిస్‌ను పొట్టి చేసి దానికి వాడారు. ఆ హెరాల్డ్ మనకు తెలిసినదే. 1961 నుండి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో దాన్ని తయారుచేశారు. అంబాసిడర్, ఫియట్ తప్ప మూడో కారు అరుదుగా కనబడే ఆ రోజుల్లో, కాకినాడలో అధ్యాపకులుగా ఉన్న మా నాన్నగారు 1974లో ఒక డాక్టరుగారి దగ్గర ఆ మూడో కారును సెకండ్ హాండులో కొన్నారు. రెండే తలుపులు. ముందు సీటు మడిస్తే పిల్లలం వెనక్కి దూరేవాళ్ళం. ఎంత ఇరుకు సందులోనైనా ఒక్క తిప్పుకు వెనుదిరిగేది. అన్నిటికంటే వింత దాని బానెట్. మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా మొసలి నోరు తెరిచినట్టు ముందుకు లేచేది. ఇంజను, చక్రాలు సర్వం బయటపడేవి. నాన్నగారు ముందు టైరు మీద పీట మీద కూర్చున్నట్టు కూర్చుని పని చేసుకునేవారు. నేను పక్కన స్పానర్లు అందించేవాణ్ణి.

ఇప్పుడు నా మీమాంసకు మూలం మీకు అర్థమై ఉంటుంది.

బండిని చూడటానికి ఏప్రిల్‌లో ఒక శనివారం వెళ్ళాను. ఆవిడకు డెబ్భై అయిదు పైబడి ఉంటాయి. తోట చివరన ఉన్న షెడ్డు తలుపు తీసి, మూడు పాత దుప్పట్లు ఇద్దరం కలిసి తొలగించాము. ఆవిడ అనుమతితో పక్కల నున్న రెండు గొళ్ళాలు విప్పి బానెట్ పైకి లేపాను. కింద కనబడినది నాన్నగారి బండే. అవే ముందు చక్రాల ఇనుప భుజాలు, అదే స్ప్రింగుల అమరిక, మనిషి కూర్చుని పని చేసుకోవడానికి వదిలినట్టుండే అదే ఖాళీ. నేను టైరు మీద కూర్చోలేదు. అందులో గాలి లేదు.

"1993లో బ్రేకులు సరిగా పడటం లేదని ఆపాడు" అని చెప్పారావిడ. "వచ్చే వేసవికి సిద్ధం చేస్తాననేవాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం టీ కప్పు పట్టుకుని ఇక్కడికి వచ్చి కాసేపు కూర్చునేవాడు. తర్వాత తర్వాత పనిముట్లు తీయడం కూడా మానేశాడు. కూర్చోవడం మాత్రం మానలేదు." కాసేపు ఆగి, "మీరు దీన్ని నడుపుతారా?" అని అడిగారు.

కొంటారా అని కాదు, నడుపుతారా అని. చూసి చెబుతానన్నాను.

చూశాను. ఇంజను బిగుసుకుపోలేదు. స్పార్కు ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కొంచెం కొంచెం నూనె పోసి, గంటసేపు నాననిచ్చి, ముందున్న కప్పీ బోల్టుకు స్పానర్ తగిలించి తిప్పితే నెమ్మదిగా తిరిగింది. ఈ ఇంజన్లకొక పుట్టు జబ్బు ఉంది. క్రాంకు షాఫ్టు ముందుకూ వెనక్కూ జరగకుండా అర్ధచంద్రాకారపు రేకులు రెండు ఉంటాయి. అవి అరిగి జారిపోతే ఇంజను దిమ్మే పాడవుతుంది. కప్పీని అటూ ఇటూ నెట్టి చూశాను. కదలిక దాదాపు లేదు. రసీదులన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో ఉన్నాయి. ముందు చక్రాలు తిరిగే ఇత్తడి కీళ్ళకు ఏయే నెలలో నూనె పట్టించాడో ఆయన చేతివ్రాతతో ఉంది. ఆ కీళ్ళను నిర్లక్ష్యం చేస్తే ఒకనాడు విరిగి చక్రం లోపలికి మడతపడుతుంది. శ్రద్ధ గల మనిషి. చివరి నమోదు 1993 మార్చి.

తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని తలుపుల కింది భాగం చూశాను. అసలు సంగతి అక్కడ ఉంది. తలుపు కింద పొడవునా పెట్టెలా మూసి ఉండే ఇనుప అంచును సిల్ అంటారు. హెరాల్డ్‌లో ఛాసిస్‌కు రెండు పక్కలా అదనపు కమ్మీలు ఉండి శరీరాన్ని మోసేవి. స్పిట్‌ఫైర్‌లో వాటిని తీసివేసి నడుమ వెన్నెముకను మాత్రం ఉంచారు. ఆ పక్కల బరువు మోసే పని ఈ సిల్స్ మీద పడింది. అందుచేత స్పిట్‌ఫైర్ సిల్ తుప్పు పట్టడమంటే చొక్కా చిరగడం కాదు, ఎముక గుల్లబారడం. తలుపు వెనుక సందు పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంది. బండి నడుము కుంగుతోందనడానికి అదొక గుర్తు. జేబులోంచి అయస్కాంతం తీసి సిల్ వెంబడి జరిపితే నాలుగు చోట్ల పట్టుకోలేదు. అక్కడ ఉన్నది ఇనుము కాదు, రంగు కింద నింపిన పిండి. ఆవిడను అడిగి స్క్రూడ్రైవరు మొనతో మెల్లగా నొక్కాను. బిస్కట్టులోకి దిగినట్టు దిగింది.

షెడ్డు కప్పు కారలేదు. గోడలు బాగున్నాయి. మరి ఈ తుప్పు ఎక్కడిది? గాలిలోంచి. ఇంగ్లండు చలికాలపు తేమ గాలి మూసిన షెడ్డులో చల్లటి ఇనుము మీద చెమ్మగా పేరుకుంటుంది. తిరిగే బండి అయితే తన వేడితో, గాలితో ఆ చెమ్మను ఆరబెట్టుకుంటుంది. నిలిచిన బండికి ఆ అవకాశం లేదు. బ్రేకుల సంగతీ అంతే. బ్రేకు నూనెకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. రెండేళ్ళకోసారి మార్చకపోతే సిలిండర్లు లోపలి నుండి తుప్పు పట్టి బిగుసుకుంటాయి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు జిగురుగా మారి వార్నిషు వాసన వేస్తోంది. రబ్బరు గొట్టాలు వంచితే పగిలాయి. పైగా, ఇది నిద్రపోతుండగా లోకం దీని తిండినే మార్చేసింది. ఈ ఇంజను సీసం కలిపిన పెట్రోలు తాగి బతికినది. 2000 ఆరంభంతో బ్రిటన్‌లో దాని అమ్మకం ఆగిపోయింది. 2021 సెప్టెంబరు నుండి బంకుల్లో మామూలు పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది పాత రబ్బరును కొరుకుతుంది. నిద్ర లేచిన కుంభకర్ణుడికి లంకలో వంట మారినట్టుంది పరిస్థితి.

చట్టం మాత్రం ఇలాంటి ముసలి బండ్ల పట్ల ఉదారంగా ఉంది. నలభై ఏళ్ళు దాటిన కార్లకు రోడ్డు పన్ను లేదు. 2018 మే నుండి, పెద్ద మార్పులు చేయని పక్షంలో, ఏటేటా చేయించవలసిన ఎం.ఓ.టి. పరీక్ష కూడా తప్పనిసరి కాదు. అయితే బండి రోడ్డు మీద తిరగడానికి యోగ్యంగా ఉండాలన్న బాధ్యత నడిపేవాడిదే. పరీక్ష అధికారి అడగకపోవచ్చు. వర్షంలో మలుపు అడుగుతుంది.

ఇంటికి వచ్చి లెక్క రాశాను. రెండు పక్కలా సిల్స్, కింది పళ్ళెం, వెల్డింగు కూలి, బ్రేకులు, క్లచ్, పెట్రోలు ట్యాంకు, గొట్టాలు, టైర్లు, గుడ్డ టాపు. రంగు మాట తలపెట్టకుండానే ఆరు వేల పౌన్లు తేలాయి. బండి ధరతో కలిపి 8,500. చక్కగా తిరుగుతున్న స్పిట్‌ఫైర్లు అంతకంటే తక్కువకే ప్రకటనల్లో కనబడుతున్నాయి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని పెద్దలు ఊరికే అనలేదు. దాణాకు కొదవ లేకపోవడం కూడా ఒక చిక్కే. ఈ కారుకు కావలసిన విడిభాగాలు దాదాపు అన్నీ ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. ఉత్తరం రాస్తే ఇంటికి వస్తాయి. నాన్నగారు ఒక్క రబ్బరు ముక్క కోసం మద్రాసు పార్సిలు లారీకి ఎదురు చూసిన రోజులతో పోలిస్తే ఇది స్వర్గం. దొరకనిది వస్తువు కాదు, పొద్దు. నాకు వెల్డింగు రాదు. అది వేరొకరితో చేయించుకున్నా, మిగిలిన పనికి మూడు వందల గంటలు పడుతుందని వేసుకున్నాను. నెలకు రెండు ఆదివారాలు, ఆదివారానికి అయిదు గంటలు. అంటే రెండున్నరేళ్ళు. మాది వరుస ఇళ్ళలో ఒకటి, షెడ్డు లేదు. విప్పిపెట్టిన బండిని వీధిలో నిలపకూడదు. నెలకు ఎనభై పౌన్ల అద్దెకు ఒక గరాజు దొరుకుతుందన్నారు. ఆ ముప్ఫై నెలల అద్దె మరో 2,400. అంకెలు ఇంత స్పష్టంగా చెబుతున్నా కాగితం చించి పారేయలేకపోయాను. మనసు కూడికలకు లొంగేదైతే లోకంలో సగం కొనుగోళ్ళు జరగవు.

లెక్క కాగితాన్ని మా ఆవిడకు చూపించాను. ఆమె అంకెలు చదవలేదు.

"ఏమండీ, మీకు కావలసింది ఈ బండా, మామయ్యగారి బండా?"

"రెండింటిదీ ఒకే ఛాసిస్" అన్నాను.

"ఛాసిస్ సంగతి కాదు నేనడిగేది. మామయ్యగారు ఎప్పుడైనా బండిని దాచిపెట్టారా?"

లేదు. 1974 నుండి 1987 దాకా పదమూడేళ్ళలో ఆ హెరాల్డ్ వారం రోజులు వరుసగా కదలకుండా ఉన్న సందర్భం నాకు గుర్తు లేదు. జగన్నాథపురం మేస్త్రీ దగ్గరకు వెళ్ళిన రోజులు మినహాయిస్తే అది కాలేజీకి, సంతకు, పెళ్ళిళ్ళకు, ఒకసారి అర్ధరాత్రి ఎదురింటి వారి అమ్మాయి పురుటికి, తిరుగుతూనే ఉండేది. తిరుగుతోంది గనుక ఏది మూలిగినా వెంటనే వినబడేది. వినబడింది గనుక బాగుపడేది. ఎనభైలలో కంటికి శుక్లాలు వచ్చి రాత్రిపూట నడపడం కష్టమయ్యాక నాన్నగారు ఎక్కువ ఆలోచించలేదు. నెల తిరక్కుండా పెద్దాపురంలో ఒక విత్తనాల వ్యాపారికి అమ్మేశారు. వీధి చివర దాకా దాని వెంట పరుగెత్తి వచ్చిన నేను, ఇంట్లోనే ఉంచుకోవచ్చు కదా అని ఏడ్చాను. "తిరిగేవాడి దగ్గర ఉండనీరా" అన్నారు. అంతకుమించి వివరించలేదు.

మా ఆవిడ అడిగిన దానితో నాకు ఆవిడ ప్రశ్న, అంటే ఆ పల్లెలోని పెద్దావిడ ప్రశ్న, తిరిగి గుర్తొచ్చింది. మీరు దీన్ని నడుపుతారా? నేను కొంటే ఏం జరుగుతుందో ఊహించుకున్నాను. ట్రక్కు మీద బండి అద్దె గరాజుకు చేరుతుంది. మొదటి నెల ఉత్సాహంగా బానెట్ విప్పుతాను. చక్రాలు విప్పుతాను. డబ్బాల మీద పేర్లు రాస్తాను. అక్టోబరు నాటికి చీకటి పడే వేళ ముందుకు జరుగుతుంది, ఆఫీసు పని మీద పడుతుంది, ఇండియా ప్రయాణం వస్తుంది. ఎవరైనా అడిగితే, వచ్చే వేసవికి సిద్ధం చేస్తానంటాను. టీ కప్పు పట్టుకుని వెళ్ళి దాని పక్కన కూర్చుంటాను. బండి ఒక షెడ్డులోంచి మరో షెడ్డుకు మారుతుంది, అంతే. మధ్యలో 2,500 పౌన్లు చేతులు మారతాయి.

మికెలొట్టి నమూనా కథ అప్పుడు నాకు ఇంకోలా వినిపించింది. ముసుగు తీసినవాళ్ళు దాన్ని గుర్తుపట్టారు, నిజమే. కానీ వాళ్ళ వెనుక ఒక కర్మాగారం ఉంది. రేకులు వంచే యంత్రాలు, వెల్డింగు చేసే మనుషులు, తయారైన బండ్లను అమ్మే దుకాణాలు ఉన్నాయి. అదే నమూనాను నాలాంటి వాడెవడో చూసి ఉంటే, ఎంత అందంగా ఉందోనని కాసేపు నిలబడి, ముసుగు జాగ్రత్తగా తిరిగి కప్పి ఉండేవాడు. దాచిన వస్తువును గుర్తించడానికి కన్ను చాలు. దాన్ని లేపడానికి చేయి కావాలి, ఆ చేతికి తీరిక కావాలి. నా దగ్గర ఉన్నది కన్ను.

ఫోనులో చెప్పడం మర్యాద కాదనిపించి మళ్ళీ వెళ్ళాను. కొనడం లేదని చెప్పి, రెండు పేజీల కాగితం చేతికిచ్చాను. ఒక పేజీలో బండిలో బాగున్నవి, రెండో పేజీలో పాడైనవి. ఇంజను బాగుందని, రసీదుల ఫైలు విలువైనదని, సిల్స్ గుల్లబారాయని, అడుగుతున్న ధర ఎక్కువని, వెల్డింగు తెలిసిన మనిషి అయితేనే దీనికి న్యాయం చేయగలడని, ట్రయంఫ్ కార్ల క్లబ్బుల్లో అలాంటివారు ఉంటారని రాశాను. ధర ఎక్కువని రాసిన వాక్యం దగ్గర కలం కొంచెం తటపటాయించిన మాట నిజం. కొననివాడు బేరమాడటం ఏమిటని. కానీ ఆ వాక్యం లేకపోతే బండి మరో మూడు చలికాలాలు అక్కడే ఉంటుంది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండు పేజీలూ పూర్తిగా చదివారు. "ఇది ఇరవై ఏళ్ళ క్రితం ఎవరైనా రాసి ఇచ్చి ఉంటే ఆయన దీన్ని ఇంకొకరికి ఇచ్చేవాడేమో" అన్నారు. మళ్ళీ తానే నవ్వి, "ఇచ్చేవాడు కాదులెండి" అన్నారు. టీ ఇచ్చారు. షెడ్డు వైపు ఇద్దరం వెళ్ళలేదు.

కాన్లీలో ఒకప్పుడు కర్మాగారం ఉన్న ప్రాంతంలో ఇప్పుడు ఆఫీసులు, దుకాణాలు ఉన్నాయి. అక్కడ ఒక రోడ్డు పేరు హెరాల్డ్ అవెన్యూ. పనుల మీద అటు వెళుతుంటాను. ఆ రోడ్డు మీద నేను ఇంతవరకూ ఒక్క హెరాల్డ్‌ను గానీ, స్పిట్‌ఫైర్‌ను గానీ చూడలేదు. పేరు దాచుకోవడం సులువు.

జులైలో ఆవిడ ఫోను చేశారు. రేకుల పని చేసి రిటైరైన ఒకాయన, ఆయన కూతురు వచ్చి 1,400 పౌన్లకు బండి తీసుకుపోయారట. ఆ అమ్మాయి సిల్స్ అప్పుడే కోసి తీసేసిందని, ఫోటో పంపిందని చెప్పారు. "చూడటానికి భయంగా ఉంది, ఎముకలు కనబడుతున్నాయి. కానీ షెడ్డు ఖాళీ అయింది, తలుపు తీసిపెట్టాను" అన్నారు. చాలా సంతోషమన్నాను. సంతోషమే. ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ అమ్మాయి మీద అసూయగా కూడా ఉంది.